నీళ్ళు వదిలావా?

మా చిన్నప్పుడు రాత్రి అన్నాల దగ్గర నాన్నగారు మమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న చదువు గురించి కాదు. "ఏరా, నీళ్ళు వదిలావా?" అనేవారు. కొత్తగా వచ్చిన చుట్టాలు ఆ మాట విని కంగారు పడేవారు. నీళ్ళు వదులుకోవడమంటే మనలో ఆశ వదులుకోవడం కదా! పిల్లవాడి చదువుకి తండ్రి అప్పుడే నీళ్ళు వదిలేశాడా అని మా విజయనగరం పెద్దమ్మ ఒకసారి అమ్మను పెరట్లోకి పిలిచి మరీ అడిగిందట.

సంగతేమిటంటే నాన్నగారు మాచ్‌ఖండ్ పవర్‌హౌస్‌లో గాలి కంప్రెసర్ల దగ్గర పనిచేసేవారు. షిఫ్టు దిగే ముందు గాలి ట్యాంకుల అడుగున ఉండే కాక్ తిప్పి, లోపల పేరుకున్న నీళ్ళు బయటికి వదిలి, రిజిస్టరులో రాసి, సంతకం పెట్టి రావాలి. ముప్పై ఏళ్ళు చేసిన పని ఆయన నోట ఊతపదమైపోయింది. హోంవర్కు చేశావా, దొడ్డి తలుపు గడియ వేశావా, రేపటికి పుస్తకాలు సర్దుకున్నావా, అన్నిటికీ కలిపి ఒకటే మాట. ఆయన 1996లో పోయారు. ఆ మాట కూడా ఆయనతోనే పోయిందనుకున్నాం. అది మళ్ళీ ఎక్కడ, ఎవరి నోట వినబడిందో చెప్పడానికే ఈ వ్యాసం.

మా ఇల్లు జయపురంలో. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ పాఠకులకు చెప్పనక్కర్లేదు గాని, బెంగళూరు, షోలాపురం వాళ్ళ కోసం ఒక మాట. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే ప్రావిన్సు అయ్యేదాకా ఈ సీమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేది. జయపురం మహారాజు విక్రమదేవవర్మగారు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఇచ్చిన విరాళాలు ఇంతా అంతా కావు. వాల్తేరులో సైన్సు కళాశాలకు ఆయన పేరే పెట్టారు. కాబట్టి మేము ఇక్కడికి వలస వచ్చామా, లేక గీత మా మీదుగా వెళ్ళిందా అని మాలో మేము ఇప్పటికీ వాదించుకుంటూ ఉంటాం. నాన్నగారి మటుకు వలసే. బొబ్బిలి దగ్గర పల్లెటూరి నుంచి పని వెతుక్కుంటూ ప్రాజెక్టుకు వచ్చారు.

మాచ్‌ఖండ్ ఆంధ్ర, ఒడిశా ప్రభుత్వాల ఉమ్మడి ప్రాజెక్టు. 1955లో కరెంటు ఉత్పత్తి మొదలైంది. జోలాపుట్ దగ్గర ఆనకట్ట, డుడుమ దగ్గర సుమారు 175 మీటర్ల జలపాతం, ఆ కొండ కింద పవర్‌హౌస్. కిందికి దిగడానికి వించి. చిన్నప్పుడు ఒక్కసారి నాన్నగారి ఒళ్ళో కూర్చుని ఆ వించి మీద దిగాను, కళ్ళు తెరవలేదు. ఈ నదే కిందికి పోయి సీలేరు అని పేరు మార్చుకుని, శబరిలో కలిసి, గోదావరికి చేరుతుంది. మా అమ్మ ఒనకఢిల్లీ క్యాంపులో బట్టలు జాడించిన నీళ్ళు చివరికి యానాం రేవు దాకా వెళ్ళాయన్నమాట. యానాం పాఠకులు మన్నించాలి.

మా అమ్మకిప్పుడు 84 ఏళ్ళు. మోకాళ్ళ నొప్పులున్నా మాట గట్టిది. 2024లో వినాయకచవితికి మా పెద్దవాడు బెంగళూరు నుంచి తన జీపు తోలుకుంటూ వచ్చాడు. వాణ్ణి చూడగానే అమ్మ బయటపెట్టిన కోరిక ఒక్కటే. "ఒరే నాన్నా, నీ బండి కొండలెక్కుతాదన్నావు గదా, నన్ను అప్ప దగ్గరికి తీసుకెళ్ళు."

అప్ప అంటే మా రక్తసంబంధం కాదు. ఒనకఢిల్లీ క్వార్టర్సులో ఉన్నప్పుడు మా ఇంట్లో పనికి వచ్చిన గదబ అమ్మాయి. మా చెల్లెలు పుట్టినప్పుడు అమ్మకు మలేరియా తగిలి మంచం దిగలేకపోతే, నెలన్నర రోజులు ఆ పసిగుడ్డును చూసుకున్నది ఆవిడే. అప్పటికి ఆవిడకు పదహారో పదిహేడో ఏళ్ళుంటాయి. మేమంతా అప్ప అనే పిలిచేవాళ్ళం. నాన్నగారు రిటైరై మేము జయపురం వచ్చేశాక రెండు మూడు సార్లు సంతకు వచ్చి కనబడింది, తర్వాత కబుర్లే. ఆవిడ ఊరు పెద్ద రోడ్డు నుంచి ఏడు కిలోమీటర్లు లోపల. ఎండాకాలంలో ట్రాక్టరు వెళ్తుంది. వానాకాలంలో కాళ్ళే గతి. "ఎండాకాలం వెళ్దాంలే అమ్మా" అని నేను పదేళ్ళుగా చెబుతున్నాను. ఈసారి ఆ మాట ఎత్తగానే అమ్మ, "ఎండాకాలానికి నేనుంటానేటి, అదుంటాదేటి?" అంది. ఇంక నోరెత్తలేదు.

మా వాడి జీపు సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. వాడికి ఆదివారాలు బెంగళూరు చుట్టుపక్కల రాళ్ళల్లో, బురదలో బండి నడపడం సరదా. దానికోసం సీటు కింద బ్యాటరీతో నడిచే చిన్న గాలి కంప్రెసరు, బండి అడుగున 8 లీటర్ల గాలి ట్యాంకు బిగించుకున్నాడు. వీటితో రెండు పనులు. మొదటిది టైర్లు. బురదలోకి దిగేముందు టైర్లలో గాలి 32 పౌన్ల నుంచి 18 పౌన్లకు తగ్గిస్తారు. టైరు కాస్త చదునై నేలను ఎక్కువ పట్టుకుంటుంది. తిరిగి తారురోడ్డు ఎక్కాక గాలి నింపుకోవాలి, లేకపోతే టైరు వేడెక్కి పాడవుతుంది. అడవిలో గాలి కొట్టే షాపు ఉండదు గనుక సొంత కంప్రెసరు.

రెండోది లాకరు. బ్యాంకు లాకరు కాదు. మామూలు బండిలో ఇరుసు మధ్య డిఫరెన్షియల్ ఉంటుంది. మలుపు తిరిగేటప్పుడు రెండు చక్రాలూ వేరువేరు వేగాలతో తిరగడానికి ఆ ఏర్పాటు. కాని ఒక చక్రం బురదలో పట్టు తప్పితే అదొక్కటే గిరగిరా తిరుగుతుంది, గట్టి నేల మీద ఉన్న రెండో చక్రం కదలదు. అప్పుడు స్విచ్చి నొక్కితే ట్యాంకులోని గాలి సన్నని గొట్టం గుండా వెళ్ళి, లోపల ఒక రింగును నెట్టి, రెండు చక్రాలనూ కలిపి బిగించేస్తుంది. రెండూ కలిసి తిరుగుతాయి. చదువుతుంటే ఎంత బాగుందో, వాడు వివరిస్తున్నప్పుడు నాకూ అంత బాగానే అనిపించింది.

గురువారం పొద్దున్న ఆరింటికి బయల్దేరాం. ముందు సీట్లో అమ్మ, వెనక నేను, మా ఆవిడ. గురువారం ఒనకఢిల్లీ సంత. బొండా, గదబ ఊళ్ళ వాళ్ళంతా తలల మీద గంపలతో కొండలు దిగి వస్తారు. ఆ రంగులు చూడ్డానికి ఫోటోగ్రాఫర్లు ఎక్కడెక్కడి నుంచో రావడం చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. అమ్మకు మాత్రం ఆ సంతలో చింతపండు ధరే ముఖ్యం. దారి పొడుగునా చోళ్ళ చేలు పచ్చగా ఉన్నాయి. వలిసెలు ఇంకా పూతకు రాలేదు. అవి పూసే రోజుల్లో కొండలన్నీ పసుపు ఆరబోసినట్టు ఉంటాయి, ఆ కాలంలో వచ్చి చూడవలసిన సీమ ఇది. లమతాపుట్ దాటాక ప్రతి వంపులోనూ వాగు గర్భాన్నే మెట్లు మెట్లుగా మళ్ళు చేసి వరి నాటారు. వీటిని ఇక్కడ ఝోలా భూములంటారు. జయపురం సీమ వరి వంగడాలకు పుట్టినిళ్ళలో ఒకటని శాస్త్రజ్ఞుల మాట. ఈ కొరాపుట్ సాగుపద్ధతికి 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వారసత్వ గుర్తింపు కూడా ఇచ్చింది. వ్యవసాయ రుణాలు ఇచ్చే రోజుల్లో నేను ఈ మళ్ళ గట్ల మీద మోటారు సైకిలు తోసుకుంటూ తిరిగినవాణ్ణే, కాని అప్పుడు నాకు కనబడింది సర్వే నెంబర్లు మాత్రమే.

పెద్ద రోడ్డు వదిలేచోట మా వాడు టైర్లలో గాలి తగ్గించాడు. ఏడు కిలోమీటర్లూ గంటంబావు పట్టింది. ఎర్రమట్టి, మధ్యలో ఒక గెడ్డ, గెడ్డకు ముందు నిలువెత్తు ఒకటి దిగాలి. వెళ్ళేటప్పుడు వాన లేదు. నేల మెత్తగా ఉన్నా బండి బుద్ధిగా దిగింది.

ఊరి మధ్య చెట్టు కింద పెద్దల సదర్ రాళ్ళున్నాయి. ఆ పక్క ఇంటి అరుగు మీద అప్ప కూర్చుని ఉంది. చూపు బాగా తగ్గింది. అమ్మ కర్ర ఊనుకుంటూ వెళ్ళి ఎదురుగా నిలబడి, ఏమీ చెప్పకుండా చెయ్యి అందించింది. అప్ప ఆ చేతిని రెండు చేతుల్తో తడిమి, వేళ్ళు లెక్కపెట్టినట్టు ఒక్కొక్కటే పట్టుకుని, దేశియాలో ఏదో అంది. అమ్మ పెద్దగా నవ్వేసింది. "ఏమంది?" అని అడిగితే, "ఇంకా బతికే ఉన్నావా అంటోంది" అంది. ముప్పై ఏళ్ళుగా మాట్లాడని దేశియా అమ్మ నోట గడగడా వచ్చేసింది. రెండు గంటలు వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు సగమే అర్థమైంది. మా చెల్లెలి పేరు మాత్రం పదేపదే వినబడింది. చెల్లెలిప్పుడు పుణేలో ఉంది, ఇద్దరు మనవలు. ఫోటో చూపిస్తే అప్ప ఫోను కంటికి ఆనించుకుని చాలాసేపు ఉంచుకుంది.

రెండింటికి మబ్బు పట్టింది. అప్ప మనవలే తొందర చేశారు. గెడ్డ పొంగితే రేపటిదాకా దాటలేరన్నారు. చోళ్ళు ఒక సంచీడు బండిలో పెట్టి, గెడ్డ దాకా సాగనంపడానికి నలుగురైదుగురు వెంట నడిచారు. వాళ్ళు నడవకపోయి ఉంటే ఈ వ్యాసం వేరేలా ఉండేది.

గెడ్డ దాటాం. అప్పటికే వాన దంచుతోంది. ముందు దిగిన నిలువు ఇప్పుడు ఎక్కాలి. ఎడమపక్క కొండ, కుడిపక్క పది పన్నెండడుగుల కింద ఝోలా మళ్ళు. సగం ఎక్కేసరికి వెనక చక్రం ఒకటి తిరగడం మొదలెట్టింది. మా వాడు లాకరు స్విచ్చి నొక్కాడు. స్విచ్చిలో చిన్న దీపం వెలిగింది. వెలిగింది గనుక పని జరిగిందనుకున్నాడు. ఓచరు మీద సంతకం ఉన్నంత మాత్రాన డబ్బు జమ అయినట్టు కాదని నాకు ముప్పై ఏళ్ళ అనుభవం, కాని దీపం చూసి నేనూ నమ్మాను. ఎక్స్‌లేటరు తొక్కాడు. ఆ ఒక్క చక్రమే గిర్రున తిరిగి బురద ఎగజిమ్మింది. బండి వెనకభాగం మెల్లగా, చాలా మెల్లగా, కుడివైపు జారింది.

జారి ఆగింది. వెనక కుడి చక్రానికీ అంచుకూ మధ్య జానెడుంది.

మా వాడు బ్రేకు మీద నిలబడ్డట్టు కూర్చుని, "మామ్మా, నువ్వు దిగు. నాన్నా, మామ్మని దింపు. అమ్మా, నువ్వూ దిగు" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది, చేతులు మాత్రం స్టీరింగు మీద తెల్లబడ్డాయి. ఎడమపక్క కొండవైపు గనుక దిగడం వీలైంది. నేను అమ్మను ఎత్తుకున్నట్టే దింపాను. దిగాక అమ్మ కదలనంది. "వాడు దిగలేదేటిరా?" వాడు దిగడానికి లేదు. కాలు తీస్తే హ్యాండుబ్రేకు ఒక్కటీ ఆ బురదలో ఆపుతుందన్న నమ్మకం లేదు. ఆ వానలో, గొడుగు కింద మా ఆవిడ చెయ్యి పట్టుకుని, అమ్మ వాడి వంకే చూస్తూ నిలబడింది. నేను గెడ్డ వైపు తిరిగి కేకలు పెట్టాను. భయంలో నోటికి తెలుగే వచ్చింది.

అప్ప మనవలు పరుగెత్తుకొచ్చారు. ముందు చక్రాల వెనక రాళ్ళు పెట్టారు. ఒకడు ఊళ్ళోకి పరుగెత్తి తాళ్ళు, మరో పదిమందిని తెచ్చాడు. ఆ ఇరవై నిమిషాలూ మా వాడు బ్రేకు మీద కాలు తీయలేదు. తరవాత ముందు కొక్కేనికి మోకు కట్టి పన్నెండుమంది లాగారు, చక్రాల కింద కొమ్మలూ రాళ్ళూ వేశారు. ఒక్కో అడుగే ఎక్కింది. పైకి వచ్చాక డబ్బులివ్వబోతే పెద్దవాడు నా చెయ్యి వెనక్కి నెట్టేశాడు. చెల్లెలి ఫోటో ఒకటి కాగితం మీద వేయించి పంపమన్నాడు, అప్పకి.

తారురోడ్డు ఎక్కేసరికి చీకటి పడుతోంది. టైర్లలో గాలి నింపాలి. మా వాడు గొట్టం తగిలించబోయే ముందు గాలి గన్ను ఒకసారి నొక్కి చూశాడు. బుస్సుమని గాలికి బదులు చీదినట్టు బురబురమని తుప్పు రంగు నీళ్ళు వాడి చొక్కా మీద పడ్డాయి.

ముందు సీట్లోంచి అమ్మ గొంతు వినబడింది. "ఏట్రా, నీళ్ళొదల్లేదేటి?"

ముగ్గురం ఆవిడవంక చూశాం. ఆవిడ ఎన్నడూ పవర్‌హౌస్‌లో అడుగుపెట్టలేదు. కంప్రెసరు ఎలా ఉంటుందో ఎరగదు. కాని ఆ చీదుడు గురించి రాత్రుళ్ళు ఆయన చెబితే విన్నది. వారం రోజులు వదలకపోతే గాలి ఇలా చీదుతుందని, బ్రేకు సరిగ్గా పడదని. నీళ్ళ టర్బైనుకు నీరు కట్టేసినా ఆ బరువు వెంటనే ఆగదు, తిరుగుతూనే ఉంటుంది. వేగం తగ్గాక గాలి ఒత్తిడితో బ్రేకులు వేసి నిలబెడతారు. ఆ గాలిలో నీళ్ళుంటే వాల్వులు తుప్పు పడతాయి. అక్కడ కంప్రెసర్లలో నూనె కూడా కలిసి మజ్జిగలా తెల్లగా వచ్చేదట.

"ఫిల్టరు ఉంది మామ్మా" అన్నాడు మా వాడు. అమ్మ జవాబు చెప్పలేదు.

మర్నాడు జయపురంలో లారీలు బాగుచేసే ఒక ముసలాయన దగ్గరికి తీసుకెళ్ళాం. పార్వతీపురం మనిషి. చదువు లేదు గాని గాలి బ్రేకుల పని ఆయన దగ్గరే నేర్చుకోవాలి. బండి కింద పడుకుని చూసి, బయటికి రాకుండానే నవ్వాడు. "బాబూ, నీళ్ళు పోయే కన్నం పక్కకెట్టినారు. పక్కకెడితే నీళ్ళెలా దిగుతాయి?" ట్యాంకు బిగించినవాళ్ళు చోటు కలిసిరావడానికి దాన్ని పావు చుట్టు తిప్పి పెట్టారు. అడుగున ఉండవలసిన మరబిళ్ళ పక్కకు వచ్చింది. ట్యాంకులో గాలి పూర్తిగా తీసేశాక (ఒత్తిడి ఉండగా ఆ మర విప్పకూడదు, తూటాలా వచ్చి తగులుతుంది), ఊడదీసి వంచితే ఒక టీ గ్లాసుడు ఎర్రనీళ్ళు వచ్చాయి. లాకరుకు గాలి పంపే చిన్న కరెంటు వాల్వు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. దీపం వెలిగింది, వాల్వు కదల్లేదు.

నేను బి.కాం. చదివినవాణ్ణి. భౌతికశాస్త్రానికి పదో తరగతిలోనే నీళ్ళు వదిలేశాను. అయినా నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయన్నది నిద్రపోనివ్వలేదు, ఎందుకంటే జమ లేకుండా నిల్వ ఉండదు. లెక్క ఇలా తేలింది. మన వానాకాలపు గాలిలో, 25 డిగ్రీల దగ్గర, ఒక ఘనపు మీటరుకు, అంటే 1000 లీటర్లకు, సుమారు 20 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. దాన్ని 120 పౌన్ల ఒత్తిడికి కుదిస్తే తొమ్మిది లీటర్ల గాలి ఒక్క లీటరు చోటులోకి వస్తుంది. గాలి కుదురుతుంది గాని, ఆవిరిని మోసే శక్తి చోటును బట్టే ఉంటుంది. ఆ కుదిరిన చోటు చల్లారాక రెండున్నర గ్రాములకు మించి ఆవిరిని ఉంచుకోలేదు. తక్కిన పదిహేడు గ్రాముల పైచిలుకు, అంటే మూడు చెంచాలు దాటి, నీళ్ళై కారాల్సిందే. తడిబట్ట పిండినట్టే. నాలుగు టైర్లు 18 నుంచి 32కి నింపడానికి ఇంచుమించు 250 లీటర్ల గాలి పడుతుంది. నింపిన ప్రతిసారీ ముప్పాతిక చెంచా నీళ్ళు. మా వాడికి రెండేళ్ళ ఆదివారాలు. పైగా ఒక జాయింటు దగ్గర సన్నగా గాలి కారుతోంది. కారినంతా కంప్రెసరు మళ్ళీ తోడుతుంది, తోడిన గాలితోపాటు మళ్ళీ నీళ్ళు. కారే జాయింటు వడ్డీ మీద వడ్డీ లాంటిది.

మరి రెండేళ్ళూ ఎందుకు బయటపడలేదు? ట్యాంకులో గాలి బయటికి పోయే గొట్టం వెనక కొసన ఉంది. బండి సమంగా ఉన్నప్పుడు నీళ్ళు అడుగున, గొట్టం పైన. ముక్కు పైకెత్తి నిలువు ఎక్కినప్పుడు నీళ్ళన్నీ వెనక్కి చేరి గొట్టంలోకి దిగుతాయి. చిన్న చిన్న ఎత్తులు ఎక్కినప్పుడల్లా కొంచెం కొంచెంగా దిగి వాల్వును తినేశాయి. ఆ రోజు పెద్ద ఎత్తు. లాకరు అవసరమయ్యేదీ ఎత్తు మీదే, నీళ్ళు అందులోకి పోయేదీ ఎత్తు మీదే.

"మరి ఫిల్టరు?" అని మా వాడు పట్టు వదల్లేదు. ముసలాయన కంప్రెసరు తల పక్కనే బిగించి ఉన్న ఫిల్టరు చూపించి, "ఇంత వేడి మీద ఏటి పడతాది?" అన్నాడు. అసలు రహస్యం అదే. కుదిరిన గాలి చెయ్యి కాలేంత వేడిగా బయటికి వస్తుంది. ఆ వేడిలో నీరింకా ఆవిరిగానే ఉంటుంది. ఫిల్టరు చుక్కల్ని పట్టగలదు, ఆవిరిని పట్టలేదు. ఆవిరి హాయిగా ఫిల్టరు దాటి, ట్యాంకులో చల్లబడి, అక్కడ నీళ్ళవుతుంది. ముందు చల్లార్చాలి, ఆ తరవాతే వడగట్టాలి. అన్నం వార్చేవాళ్ళకు ఇది తలకిందులుగా కనబడుతుంది గాని, గాలి విషయంలో అంతే.

ఆయన చేసిన పని చెబుతాను, ఇలాంటి బండ్లున్న పిల్లలు మన కుటుంబాల్లో ఇప్పుడు చాలామంది ఉన్నారు. కంప్రెసరు నుంచి ఒకటిన్నర మీటరు రాగి గొట్టం నాలుగు చుట్లు చుట్టి, ఇంజను వేడి తగలని చోట గాలికి ఆరేటట్టు పెట్టాడు. దాని చివర, అన్నిటికన్నా పల్లంలో, ఫిల్టరు బిగించాడు. ట్యాంకు సరిగ్గా తిప్పి, అడుగున కాక్ పెట్టి, దానికి తీగ కట్టి బండి పక్కకు తెచ్చాడు. పడుకోకుండా వేలితో లాగొచ్చు. లాకరు వాల్వుకు ముందు ఇంకో చిన్న ఫిల్టరు. గాలి లోపలికి పీల్చే మూతి సీటు కింద తడిచోట నుంచి తీసి పైకి, పొడిగా ఉండే చోటికి మార్చాడు. గెడ్డ దాటేటప్పుడు అది మునగకూడదు కూడా. జాయింట్లకు సబ్బునురుగు రాసి కారుడు పట్టాడు. లోపల తుప్పు తిన్న పాత ట్యాంకు వాడొద్దని, కొత్తది వెయ్యమని గట్టిగా చెప్పాడు. తుప్పు తిన్న రేకులో 120 పౌన్ల గాలి ఉంచుకోవడం సీటు కింద టపాకాయ పెట్టుకోవడమే.

మా వాడు ఇంటర్నెట్లో చూసి సిలికాజెల్ గుళికల డబ్బా ఒకటి తెప్పించాడు. తడి పీల్చుకున్నాక రంగు మారుతుంది. పాత నీలం గుళికలు గులాబీ రంగుకు వచ్చేవి. ఆ నీలంలో కోబాల్టు ఉంటుంది, ఒంటికి మంచిది కాదని ఇప్పుడు నారింజ రంగువి అమ్ముతున్నారు, అవి పచ్చబడతాయి. వేడిచేసి తడి పోగొడితే మళ్ళీ పనికొస్తాయి. మా ఆవిడ వంటింటి మూకుడు ఇవ్వనంది గనుక అది బెంగళూరులోనే జరగాలి. కాని నీళ్ళు నిండుగా వచ్చేచోట గుళికలు ఒక్కపూటలో నానిపోతాయి. ముందు చల్లార్చడం, వదలడం, చివర మిగిలిన చెమ్మకే గుళికలు.

లారీలకూ బస్సులకూ ఇది పాత కథే. గాలి బ్రేకుల బండి ఆగి ఉండగా ఉన్నట్టుండి 'ఫుస్' మంటుందే, అది ఎండబెట్టే డబ్బా తన నీళ్ళు తానే ఉమ్ముకోవడం. ఆ డబ్బా లేని బండ్లకు పొద్దున్నే క్లీనరు కిందికి వంగి రింగు లాగేవాడు. మా బ్రాంచిలో ఖాతా ఉన్న మాజీ సైనికుడొకాయన లడఖ్‌లో లారీ నడిపాడు. అక్కడ సాయంత్రం నీళ్ళు వదలకపోతే తెల్లారేసరికి వాల్వులో గడ్డకట్టి బ్రేకులు పట్టేస్తాయట. మనకు గడ్డ కట్టదు గనుక తుప్పు పట్టేదాకా తెలీదు.

తనంతట తనే నీళ్ళు వదిలే కరెంటు కాక్ పెడదామని మా వాడు ముసలాయన్ని అడిగాడు. పెట్టొచ్చు, దొరుకుతాయి అన్నాడాయన. ఒక్క క్షణం ఆగి, "అది పని చేస్తందో లేదో చూడ్డానికి మళ్ళీ వంగాలి గదా బాబూ" అన్నాడు. తీగే ఉంచేశారు. ఖర్చు, కొత్త ట్యాంకు కాకుండా, మూడు వేల లోపే అయింది.

చెల్లెలి ఫోటో పెద్దది చేయించి, మనవలతో సహా, సంతకు వచ్చే మనిషి చేత అప్పకు పంపాం. చూపు సరిగ్గా లేకపోయినా తలగడ పక్కనే పెట్టుకుందని కబురు వచ్చింది. చోళ్ళ సంచీ అయిపోయింది, ఖాళీ సంచీ అమ్మ ఉతికి మడతపెట్టి ఉంచింది, మళ్ళీ వెళ్ళినప్పుడు ఇవ్వాలట. వలిసెలు పూసేటప్పుడు వెళ్దామంటే ఇప్పుడు నేను "చూద్దాంలే" అనడం లేదు.

మా వాడు బెంగళూరు వెళ్ళిపోయాడు. ఆదివారం రాత్రి ఫోను చేస్తాడు. ముందు నాతో, తరవాత వాళ్ళమ్మతో, చివర మామ్మతో మాట్లాడతాడు. మామ్మ ఒకటే ప్రశ్న వేస్తుంది. వాడు ఫోటో పంపుతాడు, చిన్న గాజు గ్లాసు అడుగున నీళ్ళు. అమ్మ కళ్ళజోడు సవరించుకుని పరిశీలించి చూసి, ఎంత వచ్చిందో నా చేత క్యాలెండరు మీద రాయిస్తుంది. వానాకాలంలో చెంచాకు పైనే ఉండేది. సంక్రాంతి దాటాక నాలుగైదు చుక్కలకు దిగింది. మొన్న ఆదివారం చుక్క కూడా రాలేదని వాడంటే, "కాక్ సరిగ్గా తిప్పినావేటి?" అని అడిగింది.